గడ్డ ముందా, గుండెపోటు ముందా?

గుండెపోటు అంటే ఏమిటని ఇవాళ ఎవరినడిగినా, గుండెకు రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడటమేనని తడుముకోకుండా చెబుతారు. ఇంత తేలిగ్గా చెప్పుకుంటున్న ఈ మాట 1980 దాకా వైద్యుల మధ్య తేలని తగువుగానే ఉండేదంటే నమ్మటం కష్టం. నాళంలో గడ్డ కనిపించడం మీద ఎవరికీ పేచీ లేదు. ఆ గడ్డ వల్ల గుండె కండరం చచ్చిపోయిందా, లేక కండరం మరేదో కారణం వల్ల చచ్చిపోయి, గుండె బలహీనపడి, రక్తప్రవాహం మందగించాక తీరిగ్గా ఆ గడ్డ కట్టిందా అన్నదే అసలు పేచీ. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు వినిపించినా ఇది కాలక్షేపపు చర్చ కాదు. గడ్డే కారణమైతే దాన్ని కరిగించే మందు ప్రాణం నిలబెడుతుంది. గడ్డ పర్యవసానం మాత్రమే అయితే అదే మందు మేలు చేయకపోగా రక్తస్రావమనే కొత్త ముప్పు తెచ్చిపెడుతుంది. ఈ చిక్కుముడిని విప్పినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు మార్కస్ డివుడ్‌ది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరంలో పనిచేసిన ఈ హృద్రోగ వైద్యుడు, ఆయన సహచరులు చేసిందల్లా, మిగతావాళ్లు చూడని వేళలో రోగి గుండె నాళంలోకి చూడటం.

గడ్డను నిందితుడిగా నిలబెట్టింది మాత్రం అంతకు చాలాముందు. గుండె పైభాగాన కిరీటంలా అల్లుకొని ఉండే కరోనరీ ధమనులు 3, 4 మిల్లీమీటర్ల వెడల్పుకు మించని సన్నని గొట్టాలు. వీటిలో ఒకటి ఉన్నట్టుండి మూసుకుపోతే మనిషి అక్కడికక్కడే చనిపోవడం ఖాయమని పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు నమ్మేవారు. కీవ్‌లో ఒబ్రాజ్‌త్సోవ్, స్త్రజెస్కో 1910లోనూ, షికాగోలో జేమ్స్ హెరిక్ 1912లోనూ, అలా నాళం మూసుకుపోయినవాళ్లలో కొందరు గంటలు, రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం బతుకుతారని, ఆ స్థితిని రోగి బతికుండగానే గుర్తుపట్టవచ్చని చూపారు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలపాటు గుండెపోటుకు వైద్యుల వాడుకలో పేరే 'కరోనరీ థ్రాంబోసిస్', అంటే కరోనరీ నాళంలో గడ్డకట్టడం. జబ్బు పేరులోనే కారణం ఇమిడిపోయింది కాబట్టి కొంతకాలం ఎవరూ ప్రశ్నించలేదు.

అనుమానాలు శవపరీక్ష గదిలో మొదలయ్యాయి. గుండెపోటుతో చనిపోయినవారి నాళాలను కోసి చూసిన పాథాలజిస్టులకు అందరిలోనూ గడ్డ దొరకలేదు. 1960లో స్పెయిన్, బ్రాడెస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఒకటి బయటపెట్టారు. నొప్పి మొదలైన గంటలోపే పోయినవారిలో గడ్డ అరుదుగా కనిపించింది. రోజుకు మించి బతికి ఆ తరవాత పోయినవారిలో ఎక్కువగా కనిపించింది. కారణమన్నది ముందుండాలి కదా, కాలం గడిచేకొద్దీ పెరుగుతున్నదంటే అది ఫలితమే అయి ఉండాలి అన్న వాదనకు ఇది గట్టి ఊతమిచ్చింది. 1970లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన విలియం రాబర్ట్స్ వంటి పేరున్న పాథాలజిస్టు ఈ పక్షాన నిలబడ్డారు. 1973లో స్వీడన్ పరిశోధకులు ఎర్హార్ట్, ఆయన సహచరులు మరో అడుగు ముందుకు వేశారు. గడ్డకు నారపోగుల్లా పనికివచ్చే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారి రక్తంలోకి ఎక్కించారు. వారిలో చనిపోయినవారి నాళాల్లోని గడ్డలను పరీక్షిస్తే అందులో ఆ రేడియోధార్మికత కనిపించింది. ఆసుపత్రికి వచ్చాక ఎక్కించిన పదార్థం గడ్డలో ఉన్నదంటే, గడ్డ గుండెపోటు తరవాతే కట్టిందన్నమాట. వాదన ఎక్కడా తెగినట్టు కనిపించదు.

ఈ సాక్ష్యాలన్నిటిలోనూ ఒకటే లోపం ఉంది. అవన్నీ చనిపోయినవారి నుంచి, చనిపోయిన తరవాత తీసినవి. నొప్పి మొదలైన గంటలోపు హఠాత్తుగా పోయేవారిలో చాలామంది గుండె లయ తప్పి పోతారు. కండరం చచ్చిపోయేంత వ్యవధి వారికి ఉండదు. వారిని కూడా గుండెపోటు లెక్కలో కలిపేస్తే గడ్డల శాతం తగ్గకుండా ఎలా ఉంటుంది? పైగా గడ్డ రాయి కాదు. రక్తంలోనే ప్లాస్మిన్ అనే ఎంజైము ఉంది. కట్టిన గడ్డను కొరుక్కుతినడమే దాని పని. ఒక పక్క కట్టడం, ఒక పక్క కరగడం ఏకకాలంలో జరుగుతుంటాయి. నాళాన్ని అర సెంటీమీటరుకు ఒక చోట కోసి చూసే పద్ధతిలో చిన్న గడ్డ రెండు కోతల మధ్య దాక్కోవడమూ సాధ్యమే. రేడియోధార్మిక గడ్డ సంగతి గ్లాస్గోలో విలియం ఫుల్టన్, సమ్నర్ తేల్చారు. వాళ్లు గడ్డను మొత్తంగా గాక భాగాలుగా పరీక్షించి, నాళాన్ని అసలు మూసిన నడిమి ముక్కలో రేడియోధార్మికత లేదని, దానికి అటూ ఇటూ తోకల్లా పెరిగిన భాగంలోనే ఉన్నదని చూపారు. మొదట చిన్న ముద్ద అడ్డం పడుతుంది, ఆ తరవాత నిలిచిపోయిన రక్తం దాని వెనకా ముందూ గడ్డకడుతుంది. ఎర్హార్ట్ బృందం కొలిచినదాంట్లో పొరపాటు లేదు, దానికి చెప్పుకున్న అర్థంలోనే తేడా వచ్చింది.

ఇన్ని చిక్కులకు విరుగుడు ఒకటే, బతికున్న రోగిలో, నొప్పి మొదలైన కొద్ది గంటల్లో చూడటం. సాధనం లేక కాదు చూడనిది. నాళంలోకి సన్నని గొట్టం పంపి, రంగు ద్రవం వదిలి, ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్ పద్ధతి 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ చేతిలో దాదాపు యాదృచ్ఛికంగా పుట్టి, 1970ల నాటికి సర్వసాధారణమైంది. కాని గుండెపోటు నడుస్తున్న మనిషికి అది చేస్తే ప్రాణాపాయమన్న భయం అంతటా ఉండేది. రోగిని కదపకుండా పడుకోబెట్టి, నొప్పికి మార్ఫిన్ ఇచ్చి, లయ తప్పితే సరిచేసి, వేచి చూడటమే నాటి ఉత్తమ చికిత్స. స్పోకేన్‌లో పరిస్థితి వేరు. అక్కడి శస్త్రవైద్యులు గుండెపోటు వచ్చినవారికి వెంటనే బైపాస్ ఆపరేషన్ చేసే సాహసానికి దిగారు. ఆపరేషన్‌కు ముందు ఏ నాళం ఎక్కడ మూసుకుందో తెలియాలి కాబట్టి యాంజియోగ్రామ్ తప్పనిసరి. శాస్త్రం దృష్టిలో ఇంత విలువైన సమాచారం చికిత్సకు అనుబంధంగా పోగుపడటం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి.

డివుడ్ బృందం ఈ సమాచారాన్ని 1980 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. గుండె గోడ మందమంతా దెబ్బతినే రకం గుండెపోటుతో, లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు వచ్చిన 322 మందిని వారు పరీక్షించారు. నాలుగు గంటల్లోపు చూసిన 126 మందిలో 110 మందికి, అంటే 87 శాతానికి, నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 నుంచి 24 గంటల మధ్య చూసిన 57 మందిలో అది 37 మందికి, అంటే 65 శాతానికి తగ్గింది. కీలకమంతా ఈ తగ్గుదలలో ఉంది. గడ్డ గుండెపోటుకు ఫలితమైతే గంటలు గడిచేకొద్దీ మూసుకుపోయిన నాళాల సంఖ్య పెరగాలి. పెరగలేదు, తగ్గింది. ముందు మూసుకుపోయి, తరవాత కొందరిలో దానంతటదే కొంత తెరుచుకుంటున్నదని తప్ప దీనికి వేరే అర్థం చెప్పడం కష్టం. శవపరీక్షలో కాలంతోపాటు పెరిగినట్టు కనిపించినది బతికున్నవారిలో కాలంతోపాటు తగ్గింది. అక్కడ లెక్కకు వచ్చినవారు వేరు, ఇక్కడ లెక్కకు వచ్చినవారు వేరు.

నాళం మూసుకుపోయింది సరే, మూసింది గడ్డేనని ఏమిటి నమ్మకం? యాంజియోగ్రామ్‌లో కనిపించేది రంగు ద్రవం ఆగిపోయిన చోటు మాత్రమే. నాళం గోడ కండరం బిగుసుకుపోయినా ద్రవం అలాగే ఆగుతుంది, అలా బిగుసుకోవడమే అసలు కారణమన్న వాదనా ఆ రోజుల్లో బలంగానే ఉండేది. ఇక్కడ ఆపరేషన్ గది అక్కరకొచ్చింది. చివర చిన్న బెలూన్ అమర్చిన ఫోగార్టీ క్యాథెటర్ అనే సన్నని గొట్టం ఒకటి 1960ల నుంచి కాళ్లలోని నాళాల నుంచి గడ్డలు లాగడానికి వాడుకలో ఉంది. బెలూన్‌ను ముడిచి, గొట్టాన్ని అడ్డం వచ్చిన చోటు దాటించి, అవతల బెలూన్‌ను ఉబ్బించి, నెమ్మదిగా వెనక్కి లాగుతారు. బావిలో పడిన వస్తువును పాతాళగరిగెతో తీసినట్టు గడ్డ దాంతోపాటు బయటికి వస్తుంది. యాంజియోగ్రామ్‌లో గడ్డ లక్షణాలు కనిపించి, ఇలా పరీక్షించిన 59 మందిలో 52 మంది నాళాల నుంచి గడ్డ చేతికొచ్చింది. మిగతా ఏడుగురిలో రాలేదు. ఆ ఏడుగురి సంగతి దాచకుండా రాయడం వల్లే మిగతా 52కు బలం వచ్చిందని నా అభిప్రాయం.

గడ్డ కారణమని తేలితే, గడ్డకు కారణమేమిటన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. చర్మం తెగినచోట గడ్డకట్టడం ప్రాణరక్షణ. తెగని నాళంలో ఎందుకు కట్టాలి? జవాబు ఏమిటంటే, లోపల తెగుతుంది. కొవ్వు పేరుకున్న నాళం గోడలో ఏర్పడే పూడిక, కాలువలో మేట వేసిన ఒండ్రులాంటిది కాదు. లోపల మెత్తని కొవ్వు గుజ్జు, దాన్ని మింగి చచ్చిన కణాలు, పైన పీచుతో అల్లిన సన్నని పొర ఉంటాయి. ఈ పొర మిల్లీమీటరులో పదో వంతు మందం కూడా లేనంత పలచబడ్డాక, గుండె కొట్టుకున్నప్పుడల్లా పడే ఒత్తిడికి ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. 1966లో పారిస్ కాన్‌స్టాంటినిడీస్ అనే పాథాలజిస్టు గడ్డ ఉన్న నాళాలను వరసగా, ఒక్క పొర వదలకుండా పలచని ముక్కలుగా కోసి, గడ్డ కింద ఈ చిట్లిన చోటును చూపారు. లండన్‌లో మైకేల్ డేవీస్ అదే ఓపికతో ఆ పనిని విస్తరించి, గుండె జబ్బుతో హఠాత్తుగా పోయిన 100 మందిలో 74 మంది నాళాల్లో గడ్డ ఉన్నట్టు 1984లో ప్రచురించారు. వెతికే పద్ధతి మారితే దొరికేదీ మారుతుంది.

ఆ చిట్లిన చోట జరిగేది సెకన్ల వ్యవహారం. పీచుపొర కింది కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్ రక్తానికి బయటపడగానే, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ దానికి అంటుకుంటుంది. వడిగా పోతున్న ప్లేట్‌లెట్లను అది కొక్కెంలా పట్టి ఆపుతుంది. 1882లో ట్యూరిన్‌లో జూలియో బిజ్జొజెరో బతికున్న జంతువు నాళంలో మైక్రోస్కోప్ కింద ఈ చిన్న పలకలు ఒకదానికొకటి అతుక్కోవడం చూసి, గడ్డకట్టడానికి ఇవే నాంది అని గుర్తించారు. ఆగిన ప్లేట్‌లెట్ ఆకారం మార్చుకుని, థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని విడుదల చేసి పక్కవాటిని పిలుస్తుంది. ఇంకో పక్క, కొవ్వు గుజ్జులో నిండుగా ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తాన్ని తాకడంతో ఎంజైముల గొలుసు కదిలి థ్రాంబిన్ పుడుతుంది. థ్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ప్లేట్‌లెట్ల ముద్ద చుట్టూ ఆ పోగులు వల అల్లుతాయి. ప్రవాహం వడిగా ఉన్నచోట కట్టేది తెల్లని, గట్టి, ప్లేట్‌లెట్ల గడ్డ. అది నాళాన్ని మూశాక, నిలిచిన రక్తంలో ఎర్రకణాలు ఫైబ్రిన్ వలలో చిక్కుకుని ఎర్రని తోక పెరుగుతుంది. ఫుల్టన్ చూసిన నడిమి ముక్క, తోకలు ఇవే. ఆస్పిరిన్, గడ్డ కరిగించే మందు రెండూ ఎందుకు కావాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మొదటిది ప్లేట్‌లెట్ల పిలుపును ఆపుతుంది, రెండోది ఫైబ్రిన్ వలను కోస్తుంది.

కరిగించే మందు అప్పటికే బీరువాలో ఉంది. 1933లో జాన్స్ హాప్‌కిన్స్‌లో విలియం టిలెట్, గార్నర్ కొన్ని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలు ఫైబ్రిన్‌ను కరిగిస్తాయని కనుగొన్నారు. ఆ పదార్థమే స్ట్రెప్టోకైనేజ్. 1950ల నుంచి గుండెపోటులో దాన్ని అడపాదడపా ప్రయత్నించినా, కారణమో ఫలితమో తేలని గడ్డ కోసం రక్తస్రావానికి తెగించడానికి వైద్యులు వెనుకాడారు. పైగా పరీక్షలన్నీ చిన్నవి, కొన్నిటిలో రోగికి మందు అందేసరికి రోజు గడిచేది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైమర్, జెన్నింగ్స్ 1977లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు కాలం విలువ చెప్పాయి. నాళాన్ని మూస్తే కండరం చావు గుండె లోపలి పొరలో మొదలై, అల కదిలినట్టు గంటల మీద బయటి పొరకు పాకుతుంది. ఆ లోపు ప్రవాహం తిరిగి వస్తే బయటి భాగం మిగులుతుంది. ఆ దశాబ్దం చివర జర్మనీలో పీటర్ రెంట్రాప్ గుండె నాళంలోకే స్ట్రెప్టోకైనేజ్ వదిలి, మూసుకున్న నాళం కళ్లముందే తెరుచుకోవడం యాంజియోగ్రామ్‌లో చూపారు. డివుడ్ లెక్కలు, రెంట్రాప్ చిత్రాలు ఒకదాని వెంట ఒకటి రావడంతో గడ్డను కరిగించడానికి సంకోచం పోయింది.

ఇటలీలో దాదాపు 11,800 మందిపై జరిగి 1986లో వెలువడిన జిస్సీ పరీక్షలో, స్ట్రెప్టోకైనేజ్ వల్ల 21 రోజుల్లో మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయి. మందు ఎంత తొందరగా పడితే మేలు అంత ఎక్కువ. 1988లో ఐసిస్-2 పరీక్ష 17,187 మందితో ఇంకా స్పష్టమైన జవాబిచ్చింది. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా పోయినవారు, ఏ మందూ లేనివారిలో 13.2 శాతం, స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ తీసుకున్నవారిలో 8 శాతం. నెల రోజుల పాటు రోజుకొక చిన్న ఆస్పిరిన్ బిళ్ల ఒక్కటే దాదాపు స్ట్రెప్టోకైనేజ్‌తో సమానంగా పనిచేయడం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఫలితాలను వయసు, లింగం వగైరాల వారీగా ముక్కలు చేసి చూపమని పత్రిక కోరితే, పరిశోధకులు జన్మరాశుల వారీగా కూడా చేసి, మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు కనిపిస్తున్నదని చూపారు. ముక్కలు ఎక్కువైతే లెక్కలు ఎలాంటి అబద్ధమైనా చెబుతాయని ఇంతకన్నా చమత్కారంగా చెప్పినవారు నాకు తెలిసి లేరు.

ఆస్పిరిన్ సంగతికి వస్తే, ఊహ చాలా పాతది. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో లారెన్స్ క్రేవెన్ అనే సాధారణ వైద్యుడు, టాన్సిల్ ఆపరేషన్ తరవాత నొప్పికి ఆస్పిరిన్ చూయింగ్ గమ్ ఎక్కువగా నమిలినవారికి రక్తం ఎక్కువగా కారడం గమనించి, అదే గుణం గుండెకు మేలు చేయవచ్చని తలచాడు. 1950లలో వేల మంది మగవారికి ఆస్పిరిన్ ఇచ్చి, వారెవరికీ గుండెపోటు రాలేదని రాశాడు. పోల్చి చూడటానికి మందు ఇవ్వని జట్టు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోకపోవడం తప్పూ కాదు. క్రేవెన్ 1957లో గుండెపోటుతోనే పోయాడు. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో లండన్‌లో జాన్ వేన్ చూపాకగాని, అంటే ప్రోస్టాగ్లాండిన్ల (థ్రాంబాక్సేన్ ఈ కుటుంబానిదే) తయారీని ఆపుతుందని తేలాకగాని దానికి గౌరవం రాలేదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. థ్రాంబాక్సేన్ తయారుచేసే దాని ఎంజైమును ఆస్పిరిన్ ఒకసారి దెబ్బతీస్తే కొత్తది చేసుకోలేదు, వారం పది రోజుల దాని ఆయువు తీరేదాకా ఆ పిలుపు మూగబోయినట్టే. అంత చిన్న బిళ్ల అంత పని చేయడానికి కారణం ఇది.

ఇదే గుణం ప్రమాదం కూడా. గడ్డ కరిగించే మందు గుండెలోని గడ్డనూ, మెదడులో ఎక్కడో చిన్న నాళాన్ని పూడ్చి ఉంచిన మేలుచేసే గడ్డనూ వేరుచేసి చూడలేదు. వందలో ఒకరికి, లేదా కాస్త తక్కువమందికి, మెదడులో రక్తస్రావం అవుతుంది. వెంటనే చేయగల వసతి ఉన్నచోట బెలూన్‌తో నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ మొదటి ఎంపిక కావడానికి ఇదొక కారణం. అలాగే గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ చేసే మేలును చూసి, ఆరోగ్యంగా ఉన్నవారూ రోజూ వేసుకుంటే మంచిదనుకోవడం పొరపాటు. 2018లో వెలువడిన ఆస్ప్రీ పరీక్షలో, జబ్బు లేని 19,114 మంది పెద్దవయసువారిలో ఆస్పిరిన్ గుండె జబ్బును చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు, పెద్ద రక్తస్రావాలను మాత్రం పెంచింది.

1980 నాటి లెక్క అన్ని గుండెపోట్లకూ వర్తించదని చూపింది కూడా డివుడ్ బృందమే. గుండె గోడ మందమంతా దెబ్బతినని, ఈసీజీలో క్యూ తరంగం ఏర్పడని రకం గుండెపోటు వచ్చిన 341 మందిని పరీక్షించి 1986లో వారు ప్రచురించిన వ్యాసంలో, మొదటి 24 గంటల్లో నాళం పూర్తిగా మూసుకుపోయి కనిపించినవారు 26 శాతమే. పైగా ఇక్కడ రోజులు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గక, వారం లోపల 42కు పెరిగింది. పేరు ఒకటే అయినా ఇక్కడ నాళం సగమో ముప్పాతికో మూసుకుని, తెరుచుకుని, మళ్లీ మూసుకుంటూ ఉంటుంది; గడ్డలో ఫైబ్రిన్ కన్నా ప్లేట్‌లెట్ల పాలు ఎక్కువ. అందుకే ఈ రకం గుండెపోటులో గడ్డ కరిగించే మందులు మేలు చేయలేదు, ప్లేట్‌లెట్లను అణిచే మందులు చేశాయి. ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచిందా లేదా అని వైద్యులు ముందుగా చూసేది, రోగిలో ఉన్నది వీటిలో ఏ రకం గడ్డో ఊహించడానికే.

చిట్లడం ఒక్కటే గడ్డకు మూలమన్న మాట కూడా పూర్తిగా నిలవలేదు. గుండెలో గడ్డతో హఠాత్తుగా పోయిన 50 మంది నాళాలను రేణు విర్మాణి బృందం 1996లో పరీక్షిస్తే, 28 మందిలో పూడిక చిట్లి ఉంది. 22 మందిలో చిట్లనేలేదు, లోపలి పూతపొర ఒరుసుకుపోయి, ఆ గరుకు మీదే గడ్డ కట్టింది. ఇలాంటివారు సాధారణంగా వయసులో చిన్నవారు, వారిలో స్త్రీల పాలు ఎక్కువ. చిట్లిన చోటును స్టెంట్‌తో అదిమి మూయడంలో అర్థముంది, చిట్లని చోట స్టెంట్ ఎందుకన్నది చైనాలోని హార్బిన్ వైద్యుల ప్రశ్న. కాంతితో నాళం లోపలి గోడను చూసే ఓసీటీ పద్ధతిలో ఒరిపిడి అని నిర్ధారించిన 60 మందికి స్టెంట్ వేయకుండా ఆస్పిరిన్, ప్లేట్‌లెట్లను అణిచే మరో మందు టికాగ్రెలార్ మాత్రమే ఇచ్చి, నెల తరవాత అదే కాంతితో మళ్లీ చూశారు. 47 మందిలో గడ్డ సగానికి పైగా తరిగిపోయి ఉంది.